తీసివేసినది మరల నేల వచ్చును?

మన యిండ్లలో పేరెత్తి పలుకుటకు సైత మందఱును జంకెడి వ్యాధి యొకటి గలదు. మా అమ్మమ్మ దానిని రాచపుండనెడిది. మా అమ్మ "ఆ జబ్బు" అని యంతతో నూరకుండెడిది. మనము చదువుకొన్నవారము గనుక క్యాన్సరనుచున్నాము. కాని యా మాట యనునప్పుడు గొంతు తగ్గించుట మాత్ర మింకను మానలేదు. దానిని గూర్చి గొంతు తగ్గింపక నాలుగు మాటలు వ్రాయవలయునని నాకు చాలకాలముగా కోరిక. వంటలు, వ్రతములు, బిడ్డల పెంపకము మాట్లాడుకొను పుటలలో నిట్టి ప్రసంగ మేల యని కొంద ఱనవచ్చును. ఇది మన శరీరపు మాట. కనుక మన పుటలలోనే యుండవలయును.

మా యక్కకు 2013లో ఎడమ స్తనమున గడ్డ కనబడినది. శస్త్రచికిత్స చేసిరి, ఆఱు మాసములు మందు లెక్కించిరి, పిదప కిరణచికిత్స జరిగినది. రాలిన వెండ్రుకలు మరల వచ్చినవి. "అంతయు తీసివేసితిమి, ఇక భయము లేదు" అని వైద్యులు చెప్పగా మేమందఱము నూపిరి పీల్చుకొంటిమి. ఏడేండ్లు గడచినవి. మనుమరాలి బారసాలనాటి పిండివంటలన్నియు నామె చేతిమీదుగనే జరిగినవి. 2020లో నడుము నొప్పి యని మొదలై, పరీక్షలు చేయగా చేయగా నది యెముకకు జేరిన పాతవ్యాధియే యని తేలినది.

అప్పటి బాధను వర్ణింపను. బాధకంటె నెక్కువగా నామెను క్రుంగదీసినవి చుట్టముల మాటలు. ఒకరు "పథ్యము తప్పియుందువు" అనిరి. మఱియొకరు, ఫలానివారి పెండ్లిలో ఐస్‌క్రీము తినుచుండగా తమ కన్నులార చూచితిమనిరి. ఇంకొకావిడ, దుఃఖమును మనసులో దాచుకొనువారికే యిది తిరుగబెట్టునని, తానేదో శాస్త్రము చదివినట్లు చెప్పినది. పూర్వజన్మపు లెక్కలు తీసినవారును లేకపోలేదు. మా బావగారు పాపము నోరు మెదపక, ఆ యేడేండ్లలో నెచట నేమఱితిమో యని పాత డైరీలు తిరుగవేయుచు కూర్చుండిరి. అక్క యొకనాడు నన్ను పట్టుకొని యడిగినది: "అంతయు తీసివేసితిమనిరి గదే! తీసివేసినది మరల నెచటనుండి వచ్చినది? నేనేమి తప్పు చేసితిని?"

ఈ రెండు ప్రశ్నలును ఒకదానికొకటి ముడిపడి యున్నవి. మొదటిదానికి సరియైన యుత్తరము దొరకెనేని రెండవది తనంతట రాలిపోవునని నాకు తోచినది. అందుచే చదువ మొదలిడితిని. అక్క కూతురు జీవశాస్త్రము చదివి హైదరాబాదులో నొక ప్రయోగశాలలో కణములపై పనిచేయుచున్నది. నాకు కొఱకరాని కొయ్యలైన చోట్ల నామె కూర్చుండబెట్టి చెప్పినది.

"పిన్నీ, మొదట నొక మాట మనసున నుంచుకొనుము. అది తిరిగి వచ్చినది గాదు. ఎన్నడును పూర్తిగా పోనేలేదు" అని యామె యారంభించినది.

మన దేహము కణములతో కట్టబడినదని బడిలోనే చదివియున్నాము. ఆ కణములన్నియు నొక్క వయసువి గావు. ఒక్క తీరువి గావు. ఎఱ్ఱ రక్తకణ మొకటి సుమారు 120 దినములు బ్రదికి రాలిపోవును. పేగులోపలి పొర కొలది దినములకే క్రొత్తదగును. రాలినవాని స్థానమున క్రొత్తవానిని పుట్టించుటకై యట్టి యవయవములలో కొద్దిపాటి కణములు మఱుగున నుండును. వానికి మూలకణములని పేరు. ఇంగ్లీషువారు స్టెమ్ సెల్సందురు. మూలకణము రెండుగా చీలినప్పుడు సాధారణముగా నొక పిల్ల తల్లివలెనే మూలకణమై యింట నిలిచిపోవును. రెండవది పనిలో ప్రవేశించును. పనిలో ప్రవేశించినదానికి పెద్దఱికము వచ్చును. అది కొన్ని మారులు మాత్రమే చీలి, తన పని తాను చేసి, ముదిసి చనిపోవును. స్తనమునందును మూలకణములు గలవు. కాన్పు సమయమున పాలగ్రంథులు పెంపొందుట, బిడ్డ పాలు మానిన పిదప కృశించుట, మఱుసటి కాన్పునకు మరల పెంపొందుట మన మెఱిగినదే గదా. ఆ పెంపునకు పెట్టుబడి యా మూలకణములును, వాని సంతతియును.

క్యాన్సరు గడ్డలోని కణములన్నియు నొకే విధముగా దుష్టములని చాలకాలము పలువురు తలంచిరి. 1997లో కెనడాదేశపు టొరొంటో నగరమున జాన్ డిక్ అను శాస్త్రజ్ఞుడును, డొమినిక్ బొనే అను నామెయు ఒక జాతి రక్తపు క్యాన్సరును పరీక్షించి, ఎలుకలలో నా వ్యాధిని మరల పుట్టింపగల శక్తి కొద్దిపాటి కణములకే కలదని చూపిరి. 2003లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున మైకేల్ క్లార్క్ బృందమువారు స్తనపు గడ్డలను దీసికొని, కణముల పైపొరమీది గుర్తులనుబట్టి వానిని తెగలుగా విడదీసి, యెలుకలలో నాటిరి. ఒక తెగవి 100 కణములు నాటినను క్రొత్త గడ్డ లేచినది. తక్కినవి పదివేల కొలది నాటినను లేవలేదు! లేచిన గడ్డలో మరల రెండు తెగలును యథాప్రకారముగ నున్నవి. అనగా నా మొదటి తెగ తనవంటివానిని కొన్నిటిని నిలుపుకొనుచు, తక్కినవానిని కని పెంచుచున్నదన్నమాట. వీనినే క్యాన్సరు మూలకణములని పిలుచుచున్నారు.

మా పుట్టినిల్లు గోదావరి సీమలోని యొక పల్లె. ఈ సంగతి వినగానే నాకు మా పెరటి తుంగ జ్ఞప్తికి వచ్చినది. కొడవలితో కోసిన దినమున పెరడు అద్దమువలె నుండును. వారము తిరుగకుండ మరల పచ్చగా తల లెత్తును. కోసిన కూలివానిని మా నాయనమ్మ కేకలు వేసెడిది. వాడు తాపీగా గునపముతో నేల త్రవ్వి, నల్లని చిన్న గడ్డను తీసి చూపి, "అమ్మగారూ, ఇది లోపలనుండగా పైన కోసి యేమి లాభమండి?" అనెడివాడు. కోసినవాని తప్పు గాదు. పెరటి తప్పును గాదు.

కీమోథెరపి యని మన మనెడి మందులలో పెక్కు త్వరత్వరగా చీలెడి కణములను చంపుటకై యేర్పడినవి. వెండ్రుకలు రాలుటయు, నోరు పూయుటయు అందుచేతనే. అచ్చటి కణములును త్వరగా చీలునవి. క్యాన్సరు మూలకణమో, తఱచుగా మెల్లగ చీలును. ఒక్కొక్కప్పు డేండ్ల తరబడి నిద్రించును. అంతేకాక, లోనికి వచ్చిన మందును బయటికి తోడి పోయునట్టి తూములు దాని పొరలో నెక్కువగా నుండుట పలుచోట్ల కనుగొనిరి. గడ్డ కరగును, తెరమీది చిత్రము శుభ్రముగ నుండును, తుంగగడ్డ మాత్రము నేలలో నుండిపోవును.

ఈ ప్రశ్న నేటిది గాదు. ఇచ్చట మన తెలుగువారి నొకరిని తలపకుండ పోజాలను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లె ప్రయోగశాలల పరిశోధనలను నడపుచుండగా నచట ఎమినాప్టెరిన్ అను మందు తయారైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరుతో మరణావస్థలో నున్న పిల్లల కిచ్చి 1948లో ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినది. అంతకుముందు తల్లులు చేతులు కట్టుకొని చూచుటయే గాని మార్గము లేకుండెను. అయినను నా గుణము నిలువలేదు. కొన్ని మాసములకు వ్యాధి మరల లేచినది. ఆ యేటనే సుబ్బారావుగారు పరమపదించిరి. ఎమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మిథోట్రెక్సేట్ నేటికిని వైద్యుల చేతిలో నున్నది. పలు మందులు కలిపి రెండు మూడేండ్లు విడువక యిచ్చుట నేర్చిన తరువాత నట్టి పిల్లలలో నిప్పుడెక్కువమంది బ్రదుకుచున్నారు. తీసివేసినది మరల నేల వచ్చునను ప్రశ్న యొక్క మా యక్కదే గాదని చెప్పుటకే యిదంతయు వ్రాసితిని.

అన్ని క్యాన్సరులకును ఈ మూలకణ సిద్ధాంత మొకే విధముగ చెల్లదని గూడ చెప్పుట న్యాయము. మెలనోమా యను చర్మపు క్యాన్సరులో దాదాపు నాలుగింట నొక కణము గడ్డను పుట్టింపగలదని 2008లో చూపిరి. అంతమంది యజమానులున్న యింట మూలపురుషు డెవడని చెప్పగలము? మఱియు, పనిలో ప్రవేశించిన కణమే యొకప్పుడు వెనుకకు నడచి మూలకణముగా మాఱుటయు గలదు. ఈ వాదములు సాగుచునే యున్నవి.

ఇక నసలు సంగతి. "నీవు పెద్దదానవైతివి, చీలుట చాలించి పనిలో ప్రవేశింపుము" అని కణమునకు చెప్పునది యెవరు? మూలకణమున కా మాట యేల వినబడదు? దీనికి సమాధానము క్యాన్సరు ఆసుపత్రిలో దొరకలేదు. మట్టిలో నుండు నొక మిల్లీమీటరు పొడవు పురుగులో దొరకినది.

ఆ పురుగునకు సి. ఎలిగెన్స్ అని పేరు. శాస్త్రజ్ఞులు దానిని ముద్దుబిడ్డవలె పెంచి, దాని దేహములోని కణములను లెక్కపెట్టిరి. బీజకణములు గాక పెరిగిన పురుగున 959 యుండును. ఏ కణ మేవేళ చీలి యేమగునో వంశవృక్షము వ్రాసిపెట్టిరి. వానిలో నొక వింతజాతి పురుగు గలదు. వయసు వచ్చినను దానికి పెద్దఱికము రాదు. తొలి బాల్యదశలోని చీలికలనే మరల మరల చీలుచుండును. గ్రుడ్లు పెట్టు ద్వారమే దాని కేర్పడదు. లిన్-4 అను జన్యువు చెడుటయే యిందుకు కారణము. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అను ఇరువురు అమెరికాలో చెఱియొక ప్రయోగశాలలో నుండి యేండ్ల తరబడి దీని వెంటబడిరి. జన్యువనగా మాంసకృత్తును తయారుచేయు విధి యని యందఱి నమ్మిక. లిన్-4లో నట్టి విధి యేమియు లేదు! అందుండి వెలువడునది 22 అక్షరముల చిన్న ఆర్.ఎన్.ఏ. తునుక మాత్రమే. 1993లో రెండు వ్యాసములు ప్రకటించిరి. మైక్రో ఆర్.ఎన్.ఏ. యను నది యట్లు లోకమునకు తెలిసినది.

ఇచ్చట నొక చిన్న మాట. ఆంబ్రోస్ ప్రయోగశాలనుండి వచ్చిన యా 1993 వ్యాసములో మొదటి పేరు రోజలిండ్ లీ యను నామెది. ఆమె యాయన భార్య. రెండవ పేరు రోండా ఫైన్‌బామ్ అను మఱియొక స్త్రీది. ఆయన పేరు మూడవది. 2024లో నోబెలు బహుమతి ఆంబ్రోస్, రవ్‌కన్‌ల కిరువురకు వచ్చినది. ఆ బహుమతిని ముగ్గురి వఱకు పంచవచ్చునని నియమము. ఈ సంగతి మన పత్రికలో వ్రాయకున్న నెచట వ్రాయుదును?

ఇంతకును 22 అక్షరముల తునుక యేమి చేయగలదు? అక్క కూతురు చెప్పినదానిని నేను మన యింటి భాషలోనికి మార్చుకొంటిని. తాతలనాటి గ్రంథ మొకటి పెట్టెలో భద్రముగ నున్నదనుకొనుడు, అది డి.ఎన్.ఏ. దానిని బయటికి తీయరు. ఏ పూటకు కావలసిన వంటకమును ఆ పూట చీటిమీద నకలు వ్రాసి వంటయింటికి పంపుదురు; ఆ చీటియు నొక ఆర్.ఎన్.ఏ.యే. వంటవాడు చీటి చూచి వండును, వండినది మాంసకృత్తు. చీటి యెదుట నున్నంతసేపు వాడు వండుచునే యుండును. మైక్రో ఆర్.ఎన్.ఏ. తాను వండదు, వడ్డింపదు. తిన్నగా పోయి యా చీటి తోకకు అంటుకొనును. అంతట చీటి చదువుటకు వీలులేక పోవును, తుదకు చినిగిపోవును. "ఈ పూట కిది చాలు" అను అత్తగారి మాట వంటిదన్నమాట. అత్తగారు గరిటె పట్టకయే యెంత వంట ఆపగలరో మనకు తెలియనిదా?

ఈ తునుకల భాషలో నక్షరములు నాలుగే. 22 అక్షరములలోను మొదటి యేడెనిమిదే ముఖ్యములు. వానికి శాస్త్రజ్ఞులు బీజమని పేరు పెట్టిరి. బీజాక్షరముల మహిమ మనకు క్రొత్తగాదు గాని, ఇచ్చట మంత్ర మేమియు లేదు. అక్షరమున కక్షరము జోడుగా కుదురుట మాత్రమే. చీటి తోకలో నా యేడెనిమిది యక్షరములకు జోడున్న చాలును. అందుచే నొక్క మైక్రో ఆర్.ఎన్.ఏ. వందలకొలది చీటీలను అదుపులో నుంచగలదు.

ఏడేండ్ల వఱకు నిది పురుగుల వింత యనియే పలువురు తలంచిరి. 2000లో రవ్‌కన్ ప్రయోగశాలవారు రెండవదానిని కనుగొనిరి. దాని పేరు లెట్-7, అక్షరములు 21. ఇది లేని పురుగు పెద్దది కాజాలక, పొట్ట పగిలి చచ్చును. ప్రాణాంతకమను నర్థమిచ్చు ఇంగ్లీషు మాటలోని మొదటి మూడక్షరములే దాని పేరైనవి. ఆ సంవత్సరమే ఏమీ పాస్కినెల్లి యను నామెయు తోడివారును, అదే 21 అక్షరములు ఈగలోను, చేపలోను, మనుష్యునిలోను ఉన్నవని చూపిరి. కోట్లకొలది యేండ్లుగా ప్రకృతి యొక్క యక్షరమైనను మార్చలేదు! నేడు మనుష్యునిలో వేయికి పైగా మైక్రో ఆర్.ఎన్.ఏ.లు గలవని లెక్క.

పురుగులో "పెద్దదానవు కమ్ము" అని చెప్పు మాట మనలోను ఉన్నదనగా, ఆ మాట వినబడని కణమేమగును? 2002లో కార్లో క్రోచె, జార్జి కాలిన్ అనువారు, పెద్దవారికి వచ్చు నొక రక్తపు క్యాన్సరులో సగమునకు పైగా రోగులయందు రెండు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తఱిగియో, పూర్తిగా పోయియో యుండుటను కనుగొనిరి. 2005లో, రాస్ అను పేరుమోసిన క్యాన్సరు జన్యువు చీటిని ఆపునది లెట్-7 యే యని తేలినది. నాకు ముఖ్యముగా తోచినది 2007నాటి పని. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఎర్వై సాంగ్ అను శస్త్రవైద్యుడును, బోస్టనులో జూడీ లీబర్మన్ అను నామెయు కలిసి చేసిరి. స్తన క్యాన్సరు కణములను ఎలుకలలో పెట్టి, మందు లిచ్చుచు, చావక మిగిలినవానిని మరల మరల పెంచిరి. అట్లు మిగిలినవానిలో మూలకణములే హెచ్చు. వానిలో లెట్-7 దాదాపు శూన్యము. అవి పనిలో ప్రవేశించు కొలదిని లెట్-7 పెరుగుచు వచ్చినది. లెట్-7ను తామే లోనికి పంపగా, ఆ కణములు తమవంటివానిని నిలుపుకొనుట తగ్గినది. ఎలుకలలో గడ్డలును తగ్గినవి. ఇతరావయవములకు ప్రాకుటయు తగ్గినది. రెండు చీటీలు ముఖ్యముగా తెగినవి: ఒకటి పోగా కణము తన్ను తాను మరల కనుట మందగించినది, రెండవది పోగా నది పెద్దఱికమునకు దారి తీసినది. ఆపరేషనుకు ముందు మందులు తీసికొన్న స్త్రీల గడ్డలలో నట్టి కణముల పాలు హెచ్చుగా నుండుటయు వారే చూచిరి.

లెట్-7 నోరు నొక్కునది యెవరని మీరడుగవచ్చును. లిన్-28 యను మాంసకృత్తు. ఇదియు పురుగులోనే మొదట దొరకినది. లెట్-7 పచ్చిదశలో నుండగానే పట్టుకొని, పండనీయక చెఱచును. లెట్-7 యును ఊరకుండునది గాదు. పండినదా, లిన్-28 చీటినే చింపును. ఎవరు ముందు పైచేయి సంపాదించిన వారిదే యిల్లు. (ఉపమానము చెప్పనక్కరలేదు!) 2007లో విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు మఱి మూటితో గూడ లిన్-28ను పెరిగిన మనుష్య కణములలో పెట్టి, వానిని శైశవమునకు త్రిప్పగలిగిరి. దానిబట్టి దాని బలము తెలియును.

2009లో క్లార్క్ బృందమువారు మఱియొకటి కనుగొనిరి. నా కిదియే మిక్కిలి యాలోచన పుట్టించినది. స్తన క్యాన్సరు మూలకణములలో మిర్-200 కుటుంబపు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తఱిగియున్నవి. ఆరోగ్యముగా నున్న స్తనపు మూలకణములలోను అవే తఱిగియున్నవి! అనగా క్యాన్సరు కణము క్రొత్తవిద్య యేమియు నేర్వలేదు. బిడ్డలకు పాలిచ్చుటకై దేహము దాచియుంచుకొన్న తాళపుచెవినే యది యెత్తుకొన్నది. దాని నణచు మందు మంచి మూలకణమును గూడ నణచునేమో యను చిక్కు నిందుండియే వచ్చినది.

ఇక మందు మాట. మిర్-34 యను మైక్రో ఆర్.ఎన్.ఏ. పురుషుల ప్రోస్టేటు క్యాన్సరు మూలకణముల నణచునని 2011లో టెక్సస్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూపిరి. దానిని పోలిన మందును 2013లో మనుష్యులకు మొదటిసారి యియ్య మొదలుపెట్టిరి. మొత్తము 85 మంది రోగులు. కొందఱికి గడ్డలు తగ్గినవి. కాని దేహరక్షణ వ్యవస్థ కొందఱిలో తిరుగబడి, నలుగురు మరణించిరి. 2016లో ఆ ప్రయోగము నాపివేసిరి. అత్తగారి మాట కూరలో ఉప్పు మానుమన్నందులకు అన్ని పొయ్యిలును ఆరిపోయినట్లు, వందల చీటీలను తాకు వస్తువును దేహమంతటికిని ఇచ్చుటలో ప్రమాదము గలదు. పైగా మైక్రో ఆర్.ఎన్.ఏ.లన్నియు సాధువులు గావు. మిర్-21 వంటివి క్యాన్సరునే పెంచును. ఉత్త తునుకను నెత్తురులోనికి పంపిన క్షణములలో ముక్కలగును; పొట్లము కట్టి పంపిన నెక్కువభాగము కాలేయమునకు పోవును. దీనికి దాయాదియైన చిన్న ఆర్.ఎన్.ఏ. మందొకటి నరములను చెఱచు నొక యరుదైన వంశవ్యాధికి 2018లో అమెరికాలో అనుమతి పొందినది. అదియు కాలేయమున పనిచేయునదే. క్యాన్సరునకు మైక్రో ఆర్.ఎన్.ఏ. మందేదియు నింకను ఆసుపత్రి అలమారులోనికి రాలేదు.

ఈ మాట నొత్తి చెప్పుటకు కారణమున్నది. మా చుట్టములలో నొకరు, మూలకణములను "శుద్ధిచేయు" పొడి యొకటి వచ్చినదని మొబైలులో సందేశము పంపిరి. డబ్బా వెల వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది. మా బావగారు కొనుటకు సిద్ధపడిరి. ఆశకు వెల యెక్కడిది? అక్క కూతురు తండ్రికి కోపింపక, "నాన్నా, ఆ డబ్బాలో నున్న దేమో దానిమీద వ్రాయుమనుడు, తరువాత కొందము" అని యుత్తరము వ్రాయించినది. జవాబు రాలేదు.

అక్క రెండవ ప్రశ్నకు వత్తును. ఆమె యెముకలో సరిగా నీ లెట్-7 కథయే జరిగినదని యెవరును చెప్పజాలరు. అందఱి గడ్డలు నొకటి గావు. కాని యామె వ్యాధివంటి, అనగా స్త్రీ హార్మోను పై నాధారపడు స్తన క్యాన్సరును గూర్చి 2017లో 62 వేలకు పైగా స్త్రీల వృత్తాంతములను కూర్చి చూచిరి. వారందఱును అయిదేండ్లు మాత్రలు మ్రింగి, ఆ యయిదేండ్లును వ్యాధి లేక గడపినవారే. అయినను నచటినుండి 20 యేండ్ల వఱకును ఏటేట కొందఱికి తిరుగబెట్టుచునే వచ్చినది. తొలినాడు గడ్డ యెంత పెద్దదో, చంకలోని గ్రంథులకు ప్రాకినదో లేదో, దానిని బట్టి యీ పాలు మాఱినది. నిద్రించు కణము లేచుటకు పెండ్లి ఐస్‌క్రీముతో పనిలేదు. ఈ సంగతి నామెకు చెప్పుటకు ముందు నేను చుట్టములకే చెప్పితిని. కొందఱు వినిరి. పూర్వజన్మపువారు వినలేదు. అక్క మాత్రము పురుగు కథను రెండుసారులు చెప్పించుకొని, "దానికి పెద్దఱికము రాకపోయిన పొట్ట పగులునా? పాపము!" అని తన వ్యాధిని మఱచి దానిపై జాలిపడినది. ఆమె యిప్పుడు హార్మోను మాత్రలు, ఎముకకు సూదిమందు తీసికొనుచు, నడుమునకు పట్టీ కట్టుకొని వంటయింట నాజమాయిషీ చేయుచున్నది. మా బావగారు డైరీలు చూచుట మానిరి.

మొన్నటి వేసవిలో నేను హైదరాబాదు పోయినప్పుడు అక్క కూతురు నన్ను తన ప్రయోగశాలకు తీసికొనిపోయినది. చెప్పులు విడిపించి, తెల్లకోటు తొడిగించి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టినది. చిన్నమూత వంటి పళ్లెరములో గులాబిరంగు నీరు. అందులో గుండ్రని ముద్దలు, నానిన సగ్గుబియ్యపు గింజలవలె, గుంపులు గుంపులుగా తేలుచున్నవి. అడుగున నంటుకొనుటకు చోటు లేనప్పుడు తక్కిన కణములు చచ్చును, మూలకణములే యిట్లు ముద్దకట్టి బ్రదుకునని చెప్పినది. అవి యెవరివని యడుగబోయి మానుకొంటిని. పిదప రెండవ పళ్లెరమును పెట్టినది. ఆ కణములే, ఆ నీరే. అయిదు దినముల క్రిందట వీనిలోనికి లెట్-7ను పంపిరట. నేను పళ్లెరము నిటునటు జరుపుచు చాలసేపు వెదకితిని. ముద్దలు లెక్కపెట్టుటకు నా చేతివ్రేళ్లు చాలినవి. ఆమె యా సంఖ్యను పుస్తకములో వ్రాసికొని, పళ్లెరములు రెండింటిని 37 డిగ్రీల వెచ్చనిపెట్టెలో నుంచి తలుపు మూసినది.